ఏడో నంబరు పేషెంటు

వెల్లింగ్టన్,
ఫిబ్రవరి 12

వదినా,

బతికే ఉన్నావా అని అడిగావు. ఉన్నాను. ఈ ఊరి గాలికి ఈ నెలలో రెండు గొడుగులు పోయాయి గానీ మనిషి మాత్రం మిగిలింది.

ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణముంది. మా సంఘం పని నీకు తెలుసు కదా, ఆసుపత్రుల్లో డాక్టర్లూ నర్సులూ వాడే యంత్రాల్లో ఏవి మంచివో, ప్రభుత్వం వేటికి డబ్బివ్వాలో తేల్చడం. ఈసారి నొప్పి మందు పంపుల వంతు వచ్చింది. ఇక బాగవ్వరని తెలిసినవాళ్లకి చర్మం కింద సన్న సూది గుచ్చి, రోజంతా కొద్దికొద్దిగా మందు ఎక్కించే ఆ చేతిలో పట్టేంత పెట్టెలు. ఇప్పటిదాకా ఒక్కో ఊళ్లో ఒక్కో రకం వాడుతున్నారు. ఇకనుంచి దేశమంతటికీ ఒకటే రకం. ఆఖరికి రెండు మిగిలాయి, ఒకటి తెల్లది, ఒకటి నీలంది. పన్నెండు చోట్ల వాటిని మూడు నెలలపాటు పేషెంట్ల మీద వాడి చూస్తారు. పదకొండూ పెద్ద ఆసుపత్రులు. పన్నెండోది దేశానికి దక్షిణపు కొసన మీ దీవిలో క్లినిక్కు. ఆ పేరు పెట్టించింది నేనే, తిట్టుకో.

ఎందుకు పెట్టించానో నీకు వేరే చెప్పాలా? అమ్మ ఆఖరి వారం నువ్వూ చూశావు. అప్పుడు దీవిలో పంపు లేదు. సముద్రం అవతల ఇన్వర్‌కార్గిల్ ఆసుపత్రి నుంచి రావాలి. దక్షిణపు గాలి పట్టుకుంది, పడవలు ఆగిపోయాయి. పెట్టె వచ్చేసరికి అమ్మని పూడ్చి ఒక రోజైంది. అమ్మ అరుపులు వినలేక అన్నయ్య కొట్టంలోకి పోయి కట్టెలు కొడుతూనే ఉన్నాడు. నాకు ఆ గొడ్డలి చప్పుడే గుర్తు. నేను నర్సునైందీ, ఈ కుర్చీలోకొచ్చి కూర్చున్నదీ అందుకే. ఇరవై ఏళ్లు పట్టింది, పంపుల ఫైలు నా ముందుకు రావడానికి.

మేం తొమ్మిదిమందిమి. పెద్ద ఊళ్ల వాళ్లు ఎనిమిదిమంది, మిగిలింది నేను. ప్రతి మీటింగు మొదట్లో మా పెద్ద, డాక్టర్ పెట్రీ, ఒకటే ప్రశ్న అడుగుతాడు: "ఈ విషయంలో ఎవరికైనా సొంత సంబంధం ఉందా?" ఆ క్లినిక్కులో మా వదిన నర్సని చెప్పాను. ఏ పంపు వచ్చినా నర్సు జీతం పెరగదు కదా అని కూర్చోమన్నారు. "కానీ మెరెహనా, పంపు పెట్టించుకున్న పేషెంటే మీవాళ్లయితే మాత్రం లేచి వెళ్లిపోవాలి. అభిప్రాయం కూడా చెప్పకూడదు" అన్నాడు. "మా అన్నయ్య దున్నపోతులా ఉన్నాడులెండి" అన్నాను.

ఆ దున్నపోతుకి చెప్పు, మొన్న ఆదివారం ఫోన్లో గొంతు బొంగురుగా ఉంది, సిగరెట్లు మళ్లీ మొదలుపెట్టాడేమో చూడు. వారం మొత్తంలో పని లేని మాట నేను ఎవరితోనైనా మాట్లాడేది ఆ ఆదివారం నాలుగింటికే. ఆయన చేపల సంగతి చెప్తాడు, నేను ఊఁ కొడతాను. అదే నాకు పండగ.

మెరెహనా

*

హాఫ్‌మూన్ బే,
మార్చి 9

మెరెహనా,

రెండు పెట్టెలూ గురువారం పడవలో వచ్చాయి. వాటితోపాటు పద్నాలుగు పేజీల ఫారం. "యంత్రం రంగు పేషెంటుకి ప్రశాంతంగా అనిపించిందా?" అని ఒక ప్రశ్న. ఇది రాసినవాళ్లకి ఒక్కరోజు పంటి నొప్పి రావాలి. రాసింది నువ్వే అయితే, నీక్కూడా.

పేర్లు రాయకూడదట, నంబర్లే. దేశమంతా కలిపి వరసగా ఇస్తున్నారు. మా మొదటి పేషెంటుకి ఏడు పడింది. అరవై దాటిన మగమనిషి. క్లోమంలో కేన్సరు, జనవరిలో బయటపడింది. ఆసుపత్రిలో ఉండమంటే ఉండనన్నాడు. ఇంట్లోనే, కిటికీలోంచి పడవలు కనపడే గదిలోనే పడుకుంటానన్నాడు. మహా మొండి. పరీక్షకి ఒప్పుకుంటావా అంటే, "నా మీద కాకపోతే ఇంకెవరి మీద చేస్తారు, ఇక్కడ చచ్చేవాళ్లు కూడా కరువే కదా" అన్నాడు. సంతకం పెట్టాడు. తెల్లది ముందు పెట్టాను.

మీ అన్నయ్య పదిహేనో తారీఖున, తీతీ పిట్టల్ని పట్టి ఉప్పులో ఊరేయడానికి ఆ దీవులకి పోతున్నాడు. ఈసారి ముందే పోయి గుడిసె బాగుచేయాలట. నీకు తెలిసిందే, అక్కడ ఫోన్ పలకదు. జూన్ దాకా ఆదివారం ఫోన్ ఉండదు, ఏమీ అనుకోకు. గొంతు సంగతి, జలుబే.

ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను కాబట్టి ఎక్కువ రాస్తాను. క్లినిక్కులో మేం ఇద్దరం, నేనూ కొత్తగా వచ్చిన బ్రయనీ. మంచి పిల్లే. ఇంకా పడవెక్కితే వాంతి చేసుకుంటుంది.

గ్లెనిస్

*

వెల్లింగ్టన్,
ఏప్రిల్ 8

వదినా,

నాలుగు ఆదివారాలైంది. నాలుగింటికి అలవాటుగా ఫోన్ పక్కన కూర్చుంటున్నాను. మొన్న మోగింది కూడా. తివాచీలు ఉతికిపెడతామని ఒక కుర్రది. దాంతోనే పది నిమిషాలు మాట్లాడాను, పాపం అదే పెట్టేసింది. అన్నయ్య పిట్టల మీద పడితే లోకం గుర్తుండదు, నాకు తెలుసు. ప్రతి ఏడూ పోతాడు, ప్రతి ఏడూ నాకు ఇలాగే ఉంటుంది. ఈ ఏడు మాత్రం కాస్త ఎక్కువగా ఉంది, వయసేమో.

ఇక పని మాట. వదినా, నీమీద నాకు పీకల్దాకా కోపంగా ఉంది.

మీటింగులో అందరూ తెల్లదాని వైపే మొగ్గుతున్నారు. అది చవక, పైగా ఎంత మందు ఎక్కిందో తనంతట తనే ఆసుపత్రి కంప్యూటరుకి చెప్పేస్తుందట. ఆక్లాండ్ నుంచి వచ్చే డాక్టర్ కౌట్స్ దాన్ని చంకనేసుకుని తిరుగుతోంది. "ఇది ఫోన్‌తో మాట్లాడుతుంది, తెలుసా?" అంటుంది. "మా దీవిలో ఫోన్‌తో ఫోనే మాట్లాడదు" అన్నాను. అందరూ నవ్వారు. నవ్విందెవరూ రాసుకోరు. కాగితం మీద ఏముందో అదే లెక్క.

కాగితం మీద నా ఆశంతా మీ క్లినిక్కే. గాలీ చలీ ఉన్నచోట, కరెంటు అంతంతమాత్రంగా ఉన్నచోట, తెల్లది ఎలా పనిచేసిందో మీరే చెప్పాలి. నిన్న మీ ఫారం వచ్చింది. ఏడో నంబరు, తెల్ల పంపు, మూడు వారాలు. నొప్పి అదుపులో ఉందా? ఐదుకి ఐదు. మందు ఆగకుండా అందిందా? ఐదుకి ఐదు. దేనికీ నాలుగు కూడా లేదు! కౌట్స్ దాన్ని చదివి నా వైపు తిప్పి చూపించింది. "చూశావా, మీ దీవిలో కూడా బ్రహ్మాండంగా ఉంది" అంది.

మార్చి ఆఖర్లో మీకు నాలుగు రోజులు గాలివాన పట్టిందని రేడియోలో విన్నాను. ఆ నాలుగు రోజులూ ఆ పెట్టె నిజంగానే అంత బుద్ధిగా నడిచిందా? నిజం చెప్పు.

నీ ఆడపడుచు

*

హాఫ్‌మూన్ బే,
ఏప్రిల్ 19

మెరెహనా,

నిజం అడిగావు, చెప్తాను.

నడవలేదు. గాలివాన మొదటి రోజు పొద్దున్నే తెల్లదాని లోపలి బ్యాటరీ దిగిపోయింది. దానికి వేరే ఛార్జరు, ఆ వైరు తడికి పాడైంది. ఇంకోటి రావాలంటే పడవ రావాలి. నీలంది తీద్దామంటే అది నాలుగో వారానికని సీలేసి అలమరలో పెట్టమన్నారు, సీలు తీస్తే పరీక్ష చెడుతుందని రాశారు. నేను పిచ్చిదాన్ని, రూలుకి కట్టుబడ్డాను. అందుకని చేత్తోనే ఇచ్చాను. నాలుగు గంటలకోసారి ఇంజెక్షను. మూడో రోజు నుంచి మూడు గంటలకోసారి. ఆ నాలుగు రోజులూ మంచం పక్కన కుర్చీలోంచి నేను కదల్లేదు. నిద్రొస్తే మోకాళ్ల మీద గడియారం పెట్టుకుని అలారం మోగేదాకా కళ్లు మూసుకునేదాన్ని. ఒక్కసారి కూడా ఆలస్యం కానివ్వలేదు.

ఆ ఫారంలో ఏమడిగారు? "పేషెంటు నొప్పి అదుపులో ఉందా?" ఉంది. ఐదు వేశాను. "మందు ఆగకుండా అందిందా?" అందింది. ఐదు వేశాను. నా పేషెంటుకి నొప్పి తెలియనివ్వలేదు మెరెహనా. దానికి నాలుగు ఎలా వేస్తాను?

నువ్వు చెప్పాకే వెలిగింది. వాళ్లడిగింది పెట్టె గురించి. నేను చెప్పింది నా గురించి. నలభై ఏళ్లుగా ఏ యంత్రం మొరాయించినా చేత్తో నెట్టుకొచ్చిన దాన్ని, పని జరిగిందా అంటే జరిగిందనడమే నాకు తెలుసు.

ఇప్పుడు నీలంది పెట్టాను. దానికి కొట్లో దొరికే చదరపు బ్యాటరీ చాలు, పొగ అలారంలో వేసేది. మొన్న ఒకటి అయిపోతే పక్కింట్లో అలారంలోంచి పీకి తెచ్చాను. నాలుగు నిమిషాలు పట్టింది.

ఏడో నంబరు చిక్కిపోయాడు. తిండి సయించడం లేదు. కానీ బుర్ర చురుగ్గానే ఉంది. నేను కుర్చీలో పడి నిద్రపోతుంటే, "నర్సమ్మా, నువ్వు గురక పెడుతున్నావు, పంపుకంటే నీదే ఎక్కువ చప్పుడు" అన్నాడు.

గ్లెనిస్

*

వెల్లింగ్టన్,
మే 6

వదినా,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను.

తప్పు నీది కాదు. మంచి నర్సులంతా చేసే తప్పే ఇది. యంత్రం కుంటుతుంటే వీళ్లు భుజం అందిస్తారు, చూసేవాళ్లు యంత్రం బాగా నడుస్తోందనుకుంటారు. ఫారం రాసినప్పుడు మాకే తట్టాల్సింది.

దీన్ని దిద్దాలంటే ఒకటే దారి. అదనపు నివేదిక పంపు. తెల్లది ఎప్పుడు ఆగింది, ఎన్ని ఇంజెక్షన్లు ఇచ్చావు, ఏ వేళకి, ఎవరిచ్చారు, ఆ నాలుగు రోజులు పేషెంటు పక్కన ఎవరున్నారు. అన్నీ గడియారం ప్రకారం రాయి. బ్రయనీ చేత కూడా సంతకం పెట్టించు. పేషెంటు పేరు, ఇల్లు ఎక్కడా వద్దు. నంబరు చాలు. నాకు కూడా నంబరు చాలు. ఆఖరి మీటింగు జూన్ 9న, మంగళవారం. దానికి వారం ముందు నా చేతికి రావాలి.

వేరే కట్టలో ఒక ఉన్ని దుప్పటి పంపుతున్నాను. ఏడో నంబరుకి కప్పు. చిక్కినవాళ్లకి చలెక్కువ. రూలు ప్రకారం నేను పంపకూడదు, కాబట్టి ఎవరు పంపారో రాయలేదు. బ్లూ కాడ్ చేపల చారులో ఉల్లి వేయకుండా, పల్చగా, గోరువెచ్చగా ఇచ్చి చూడు. కొంతమందికి అది దిగుతుంది. పక్కన కూర్చుని చేపల కబుర్లు చెప్పు. ఊఁ కొట్టకపోయినా చెప్పు.

తీతీ పిట్టల బకెట్టు అందింది, ఎవరో బ్లఫ్ రేవు నుంచి పంపారు. ఈసారి ఉప్పు ఎక్కువైంది. అన్నయ్య కనపడితే చెప్పు.

నువ్వు కాస్త నిద్రపో. రాత్రిపూట బ్రయనీని కూర్చోబెట్టు.

మెరెహనా

*

హాఫ్‌మూన్ బే,
మే 25

మెరెహనా,

నివేదిక దీంతోనే పెట్టాను. ఇరవై ఏడు ఇంజెక్షన్లు, ఒక్కోదానికి వేళ రాశాను. బ్రయనీ సంతకం పెట్టింది. పెడుతూ ఏడ్చింది, చిన్నపిల్ల. "పేషెంటు పక్కన ఎవరున్నారు" అన్న చోట "నర్సు" అని రాశాను. అబద్ధం కాదు.

దుప్పటి వచ్చింది. కప్పాను. చేత్తో తడిమి చూసి, బాగుంది అన్నాడు. ఎవరు పంపారని అడగలేదు. చారు రెండు చెంచాలు తాగాడు, మూడోది వద్దన్నాడు.

పొద్దున కాసేపు తెలివిగా ఉంటున్నాడు. మీటింగు ఎప్పుడని అడిగాడు. తొమ్మిదో తారీఖున అన్నాను. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "అందులో మన వైపు మాట్లాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. ఒకరున్నారు అన్నాను. "అయితే ఆ మనిషిని ఆ గదిలోంచి కదలనివ్వకు" అన్నాడు.

మీ అన్నయ్యకి ఉప్పు సంగతి చెప్పాను. నవ్వాడు.

నీకు ఇంకా చాలా రాయాలని ఉంది. రాయలేను. పెన్ను పట్టుకుని కూర్చుంటే అక్కర్లేనివే వస్తున్నాయి, వాన, పడవ, బ్రయనీ వాంతులు. ఈ ఇంట్లో మాట్లాడే గొంతు రోజురోజుకీ తగ్గిపోతోంది. నా అడుగుల చప్పుడు నాకే వినపడుతోంది.

గ్లెనిస్

*

హాఫ్‌మూన్ బే,
జూన్ 8, సోమవారం

మెరెహనా,

ఈ ఉదయం పదిన్నరకి టియోనే పోయాడు. ఏడో నంబరు మీ అన్నయ్యే.

రాసేశాను. ఈ ఒక్క మాట నోటితో అనడం నాకు రావడం లేదు. పొద్దుటి నుంచి వంటింట్లో నిలబడి అని చూస్తున్నాను. రేపు నీ మీటింగు అయ్యాక, సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తాను. అప్పుడు చెప్పలేకపోతే, మిగతాది ఈ ఉత్తరం చెప్తుంది.

జనవరిలోనే తెలిసింది. నీకు ఫోన్ చేయబోతుంటే ఆపాడు. ఆ తర్వాత పరీక్ష సంగతి నువ్వు రాశావు. పేషెంటు మీవాళ్లయితే లేచిపోవాలని కూడా రాశావు. నేను చదివి వినిపించాను. "గ్లెనిస్, నాకు ఎలాగూ పంపు కావాలి. పెట్టు. దానికి చెప్పకు. చెపితే అది లేస్తుంది, అబద్ధం చెప్పడం దానికి చేతకాదు. అది లేస్తే ఆ గదిలో అమ్మ గొంతు విన్నవాళ్లు ఇంకెవరూ ఉండరు" అన్నాడు. పిట్టల దీవులకి పోతున్నానని చెప్పమన్నది ఆయనే. ఆ బకెట్టు ఆయన బాబాయి కొడుకులు నింపారు.

రేపు మీటింగనగా ఈ రోజు పోయాడు. ఫోన్ తీసి నీ నంబరు సగం నొక్కాను. పెట్టేశాను. మళ్లీ తీశాను, మళ్లీ పెట్టేశాను.

ఇప్పుడు ఊరి హాల్లో ఉంచాం. నీ దుప్పటే కప్పాం. మీవాళ్లంతా వచ్చారు, ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలడం లేదు. ఊనా అత్త నన్ను గుమ్మంలోనే పట్టుకుంది. "చెల్లెలేదే?" అంది. రేపు సాయంత్రం చెప్తాను అన్నాను. "తోడబుట్టింది రాకుండా, దానికి కబురైనా పెట్టకుండా మమ్మల్ని ఏడవమంటావా? ముప్ఫై ఏళ్లు మాతో ఉన్నావు, ఇదేనా నువ్వు నేర్చుకుంది?" అంది. ఆయన మాట అని చెప్పాను. "వాడు చచ్చాడు, వాడి మాట వాడితోనే పోయింది. ఇక ఇది నీ మాట. ఆ పిల్ల జన్మలో నీ మొహం చూడదు" అంది. అని, తర్వాత నా చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది. చావింటి ఆడవాళ్లు పెట్టుకునే ఆకుల దండ నా తలకి తనే కట్టింది.

అత్త చెప్పింది నిజమే. మీ పద్ధతిలో నేను చేసింది క్షమించే తప్పు కాదు. నర్సుగా నలభై ఏళ్లలో ఒక్క ఇంజెక్షను ఆలస్యం చేయలేదు, ఈ కబురు మాత్రం ఒకటిన్నర రోజు ఆలస్యం చేస్తున్నాను. నువ్వు వచ్చేదాకా శవపెట్టె మూత వేయం. వచ్చి నన్ను తిట్టు. తిట్టకుండా మాత్రం ఉండకు.

నొప్పి లేదు. అది నీకు చెప్పాలి. ఆఖరిదాకా నీలంది నడిచింది. నేనే ఆపాను. ఆపాక గదిలో ఏ చప్పుడూ లేదు.

నీ వదిన

*

వెల్లింగ్టన్ విమానాశ్రయం,
జూన్ 9, సాయంత్రం ఐదింబావు

వదినా,

నాలుగింటి నుంచి ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఇంట్లోదీ పలకడం లేదు, క్లినిక్కుదీ పలకడం లేదు. లైన్లు పోయి ఉంటాయి. విమానానికి ఇంకా అరగంట ఉంది. ఊరికే కూర్చోలేక రాస్తున్నాను. పోస్టులో వేయను, రేపు రేవులో నా చేత్తోనే నీకిస్తాను. ఎందుకంటే ఈ మాటలు నీ మొహం చూస్తూ నేను చెప్పలేను.

గెలిచాం. దూరపు ఊళ్లన్నిటికీ, దీవులన్నిటికీ నీలందే. ఐదుగురు అవునన్నారు, ముగ్గురు కాదన్నారు.

మొత్తం తొమ్మిదిమందిమి కదా, ఇంకొకరెవరని లెక్కపెడుతున్నావు. నేనే. చెయ్యెత్తలేదు.

వదినా, ఏడో నంబరు ఎవరో నాకు తెలుసు. ఏప్రిల్ నుంచీ తెలుసు. నాలుగు రోజులు కుర్చీలోంచి కదల్లేదని రాశావు చూడు, ఆ వాక్యం దగ్గరే. నేనూ నర్సునే. క్లినిక్కులో ఉన్నది ఇద్దరు. ఊళ్లో ఎవరికి ఏమొచ్చినా మీరే పోవాలి. అలాంటప్పుడు నువ్వు పరాయి ఇంట్లో నాలుగు రోజులు కూర్చోవు. కూర్చుంటే అది నీ ఇల్లే. ఆ తర్వాత వచ్చిన బకెట్టులో పిట్టల్ని రెక్కలు పైకి పెట్టి సర్దారు. అన్నయ్య ఒక్కసారి కూడా అలా సర్దలేదు.

ఆ పూటే బయల్దేరదామని సంచీ సర్దాను. తలుపు దాకా వచ్చి ఆగిపోయాను. వస్తే నాకు తెలిసినట్టు. తెలిస్తే లేచిపోవాలి. నాకు చెప్పకుండా ఉండటానికి మీరిద్దరూ ఎంత కష్టపడుతున్నారో నీ అక్షరాల్లో కనపడుతోంది. నేను కూడా తెలియనట్టే రాశాను. దుప్పటి కొన్నరోజు దుకాణంలో ఏడ్చాను. ఎవరికండీ అని అడిగింది ఆ అమ్మాయి. పేరు చెప్పలేకపోయాను.

ఇవాళ డాక్టర్ పెట్రీ ఎప్పటిలాగే అడిగాడు: "ఎవరికైనా సొంత సంబంధం ఉందా?" మాట నాలుక దాకా వచ్చింది. మింగేశాను. జీవితంలో మొదటిసారి. తర్వాత నీ నివేదిక చదివాను. ఇరవై ఏడు ఇంజెక్షన్లూ, ఇరవై ఏడు వేళలూ, ఒక్కటీ వదలకుండా. కౌట్స్ అడ్డుపడింది. "ఇది ఒక్క పేషెంటు అనుభవం కదా, మెరెహనా. ఒక్కరి కోసం దేశమంతా మార్చేస్తామా?" అంది. "మాది చిన్న దీవి డాక్టరుగారూ. మా దగ్గర ఎప్పుడూ ఒక్కొక్కరే పోతారు. ఆ ఒక్కరికి నొప్పి తక్కువగా ఉండదు" అన్నాను. పెట్రీ కళ్లజోడు తీసి నన్ను చూశాడు. ఏదో అర్థమైనట్టే ఉంది. ఇక చేతులెత్తమన్నాడు.

చేతులెత్తమన్నప్పుడు నావి రెండూ బల్ల కింద పెట్టుకున్నాను. మాట్లాడకూడదు, మాట్లాడాను. అది తప్పే. తిరిగొచ్చాక పెట్రీకి అంతా చెప్పేస్తాను. తీసేస్తే తీసేయనీ. మళ్లీ ఓటు పెడితే పెట్టనీ, నీ నివేదిక కాగితం మీద ఉంది, ఇక దానికి నా అవసరం లేదు.

ఈ సంగతి అన్నయ్యకి నేనే చెప్పాలి, నువ్వు చెప్పకు. గదిలోంచి నేను కదల్లేదని చెప్పాలి. అబద్ధం చెప్పడం కూడా నేర్చుకున్నానని చెప్పాలి, వెక్కిరిస్తాడు. వెక్కిరించే ఓపిక లేకపోతే కళ్లు తెరిచి చూసినా చాలు. అమ్మ పోయినప్పటి సంగతులు మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు, ఒకసారి మాట్లాడాలి. నేను సెలవు పెట్టేశాను. ఎన్నాళ్లని అడిగారు, తెలియదన్నాను. రాత్రిళ్లు ఇక నేను కూర్చుంటాను, నువ్వు మంచం మీద పడుకుని నిద్రపో.

విమానానికి పిలుస్తున్నారు. రేపు పొద్దున మొదటి పడవకి వచ్చేస్తాను. ఆయన లేచి ఉంటే ముందుగా చెప్పకు, గుమ్మంలో నిలబడి నేనే పిలుస్తాను. అన్నయ్యా అని నోరారా పిలిచి మూడు నెలలైంది.

మెరెహనా